అయిదో దశ కైతారా

మా కైతారాను ఏదడిగినా ఒకటే జవాబు: "అది అయిదో దశలో." ఏడేళ్ళుగా ఈ మాట విని విని మా దీవి అలిసిపోయింది.

తాతలనాటి మా పగడపురాతి చర్చిని బాగుచేయించే పెత్తనం అతనికి ఇద్దామని సంఘంలో మొదట చెయ్యెత్తినవాణ్ణి నేనే. దీవి బడిలో ఆరో తరగతి అందరికంటే ముందు ప్యాసయి, ముప్ఫయ్యేళ్ళు పాటల గుంపును నడిపించి, మూడు తుఫానులకు జంకని నేను ఈ ఒక్క కైతారా దగ్గర డీలాపడ్డాను. పనిని దశలుగా విడగొట్టాడు: మొదట కప్పు, తరవాత గోడలు, ఆ తరవాత కిటికీలు, చివర నేల. ఒక సగంలో పని, ఇంకో సగంలో ప్రార్థన. గోడల పని నడిచిన రెండేళ్ళూ సున్నపు దుమ్ము మింగుతూ పాడాం.

పాస్టరుగారు బతిమాలారు. "గంట బీటవేసిందయ్యా, పగిలిన కుండలా మోగుతోంది. కొత్తది తెప్పిద్దాం."

"అయిదో దశలో, పాస్టరుగారూ."

కుర్రకారు వచ్చింది. "బాబాయ్, ఈ పాత బల్లలు తీసేసి కుర్చీలు వేయించు. నడుములు పోతున్నాయ్."

"అయిదో దశలోరా."

చివరికి వాళ్ళావిడ ఈనా వచ్చి నడుంమీద చెయ్యేసుకుంది. "మన వంటింటి కప్పు కారుతోంది."

"అయిదో దశలో చూద్దాం."

"అలాగే. నీ చేమదుంప కూడా అయిదో దశలోనే ఉడుకుతుంది, పో."

కిటికీల దశలో పెద్ద దీవి నుంచి ఇంజనీరమ్మ దిగింది. ఉత్తరపు కిటికీ కమాను ముందు దారానికి గుండు కట్టి వేలాడదీసింది. పందొమ్మిదో ఏట, తుఫానుకు కూలిన ఆ కమానును నేనూ, ఇప్పుడు లేని మా అన్నా మళ్ళీ నిలబెట్టాం. టేపు దొరకని రోజులు. ఒక పక్క నేను, ఒక పక్క అన్న చేతులు బారచాపి కొలిచాం. దీవికి వచ్చిన ప్రతి కొత్తవాడికీ దాన్ని చూపించందే నేను అన్నం తినను.

"నాలుగు వేళ్ళు వాలిపోయింది. ఎవరండీ కట్టింది?" అంది ఇంజనీరమ్మ.

అందరూ నావైపు చూశారు. "గాలికి ఎదురొడ్డాలనే అలా వంచానమ్మా" అన్నాను.

ఆమె నవ్వలేదు. రాళ్ళు తట్టి చూసింది. "గట్టిగానే ఉంది, పడదు. కానీ వంకర. విప్పి కొత్తది కట్టాలి."

కైతారా చెవి వెనక పెన్సిలు తీసి ఆమెకిచ్చాడు. "రాసుకోండమ్మా. అది అయిదో దశలో."

ఆమె రాసుకుని పడవెక్కింది. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. నేల పని త్వరగా అవుతుంటే తాపీవాళ్ళను ఆపి కబుర్లు చెప్పేవాణ్ణి. నాలుగయ్యాక వచ్చేది అయిదే కదా!

పోయిన నెల నేల కూడా అయిపోయింది. పందిని కాల్చి విందు చేశాం. బీటవేసిన గంటే మోగింది. ముసలి తెపూరా ఎప్పటి బల్లమీదే కూర్చుని, పోయిన మొగుడు దానిమీద కత్తితో చెక్కిన పేరును బొటనవేలితో రుద్దుకుంటోంది. నేనిక ఆగలేక కైతారాను పక్కకు లాగాను.

"ఎప్పుడురా నా కమాను కూల్చేది? ఈ వయసులో ఎదురుచూడలేను."

"మన పనికి దశలెన్ని, తాతా?"

వేళ్ళు మడిచాను. కప్పు, గోడలు, కిటికీలు, నేల. చిటికెన వేలు మిగిలిపోయింది; అయిదోది అసలు లేనే లేదు. ఏడేళ్ళలో దీవి మొత్తంలో ఒక్కరమూ లెక్కపెట్టలేదు! ఆరో తరగతి మొదటివాణ్ణి, కనీసం నేనైనా లెక్కపెట్టాల్సింది.

"మరి మీ వంటిల్లో?"

"అది మాత్రం బద్ధకం తాతా" అన్నాడు మెల్లగా, ఈనా వినకుండా.

అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది బయటికొచ్చేసింది. "ఒరే, గాలికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మా అన్న చేతులు నాకంటే పొడుగు..."

కైతారా నా నోటికి చెయ్యి అడ్డంపెట్టాడు.

"అది కూడా అయిదో దశలో చెబుదువుగానిలే, తాతా."