గాలి డేరాలో మా పాప దగ్గు

ఆ టెంటు మా ఇంటికి వచ్చిన రోజే దాన్ని హాల్లో ఊది చూడాలన్నాడు మా ఆయన. జనగామలో మేముండే అద్దె ఇంటి హాలు అంత పెద్దదేమీ కాదు. సోఫాను గోడకు నిలబెట్టి, ఫ్యాన్ ఆపి, తనూ పాపా కలిసి పంపు కొట్టడం మొదలుపెట్టారు. ఈ టెంటుకు ఇనుప కడ్డీలుండవు. గుడ్డలో కుట్టేసిన లావుపాటి గొట్టాల్లో గాలి నింపితే అవే విల్లుల్లా వంగి పైకి లేస్తాయి. అప్పటిదాకా నేలమీద ముడతలు పడి ఉన్న నారింజ రంగు గుడ్డ ఒళ్లు విరుచుకుంటూ లేచి, ఫ్యాన్ రెక్కలకు తగిలి, వంటింటి గుమ్మాన్ని పూర్తిగా మూసేసింది. నేను పప్పు గిన్నెతో సహా లోపల ఉండిపోయాను. హాల్లోకి రావాలంటే టెంటులో దూరి అవతలి నుంచి రావాలి. పాప జిప్పు తీసి తల బయటపెట్టి, "అమ్మా, టికెట్ తీసుకున్నవా?" అని అడిగింది.

అలా మోకాళ్ల మీద పాకుతూ మొదటిసారి అందులోకి వెళ్లాను. పైన దళసరి గుడ్డ, లోపల మెత్తటిది ఇంకోటి. కుట్టు ఉన్న ప్రతిచోటా నీళ్లు దిగకుండా పట్టీ అతికించి ఉంది. మా ఆయన ఏడాది పాటు వీడియోలు చూసి, చలికాలానికని చేసినదాన్ని ఏరి ఏరి కొన్నాడు.

"నీ భయాలన్నిటికి ఇందుల జవాబున్నది. గాలికి పడదు, వానకు కారదు" అన్నాడు.

నా భయం గాలీ కాదు, వానా కాదు. మా పాప ఛాతీ.

దానికి ఆరేళ్లు. పుట్టిన మొదటి చలికాలమే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఏటా చలి మొదలవగానే మా ఇంట్లో కిటికీలు మూతపడతాయి. రాత్రి రెండుసార్లు లేచి దాని వీపు మీద చెవి పెట్టి వింటాను. పోయిన ఏడు బడి వాళ్లు పిల్లలను సాయంత్రం మేడ మీద కూర్చోబెట్టి చుక్కలు చూపించారు. నేను పంపలేదు. మర్నాడు బడి నుంచి వచ్చి, ఏ చుక్క ఎక్కడుందో, చందమామ మీద గుంటలు ఎలా ఉన్నాయో నాకు చెప్పింది. స్నేహితులు చూసినవన్నీ తనే చూసినట్టు చెప్పింది. దానికి తెలియకుండా ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. అయినా కిటికీ మాత్రం తెరవలేదు.

దవాఖానలో పిల్లల డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. వెచ్చగా ఉంచితే చలికి అంత భయపడాల్సింది లేదు, తడికీ పొగకూ భయపడండి, గదిలో గాలి ఆడనివ్వండి అని. నేను అందులో చలి అన్న మాట ఒక్కటే విన్నట్టున్నాను.

టెంటులో ఒక్క రాత్రి పడుకోవాలన్నది పాప కోరిక. సంవత్సరమంతా ఇంకేమీ అడగలేదు, పుట్టినరోజుకు గౌను కూడా. చివరికి డిసెంబరు సెలవుల్లో ఒప్పుకున్నాను, రెండు షరతుల మీద. ఒకటి, అడవి మాట ఎత్తకూడదు. భూపాలపల్లి దగ్గర మా ఆడబిడ్డ వాళ్ల ఇంటి వెనకాలే పొలం ఉంది, కోతలు అయిపోయాయి, అక్కడే వేయాలి. రెండోది పాపకు.

"ఒక్కసారి దగ్గు వినబడ్డదనుకో, ఎవ్వలు ఏమన్నా సరే, అత్త వాళ్ల ఇంట్లకు పోతం. సరేనా?"

పాప నా అరచేతిలో చెయ్యేసి గట్టిగా నొక్కింది. "ఒక్కసారి గూడ దగ్గ."

అప్పుడు ఆ మాట నాకు ముద్దొచ్చింది.

కూతురిని చూసి చాలా రోజులైందని మా అత్తమ్మ కూడా మాతో బయల్దేరింది. ఆమెది కురవి పక్కన ఊరు. వయసు మీద పడినా రెండెకరాల మిర్చి ఇప్పటికీ తనే చూసుకుంటుంది. కారు డిక్కీలో టెంటు, పాప మందులు, మందు పీల్పించే బ్యాటరీ నెబ్యులైజర్, నాలుగు రగ్గులు, రెండు మంకీ టోపీలు, వేడినీళ్ల సంచి, మూడు స్వెటర్లు. ఇవన్నీ దించుతుంటే మా వదిన వాకిట్లో నడుం మీద చేతులేసుకుని నిలబడి చూసింది.

"ఏంది మరదలా, ఒక్క రాత్రికా, కాపురం మార్చుకొని వచ్చినవా?"

"పిల్లకు చలి వదినా..."

"చలి గాకపోతే డిసెంబర్ల ఎండ కొడ్తదా? జర నవ్వు, మొహం గట్ల పెట్టకు."

పొలంలో వరి కోసిన మొదళ్లు మేకుల్లా గట్టిగా నిలబడి ఉన్నాయి. గుడ్డకు గుచ్చుకుంటాయేమోనని మా ఆయన పారతో చదును చేస్తుంటే అత్తమ్మ గడ్డివాము నుంచి మోపులు మోసుకొచ్చి పరవడం మొదలుపెట్టింది. ఒక మోపు చాలన్నాడు కొడుకు. ఆమె అయిదు వేసింది.

"చలి పైకెళ్లి రాదురా, కిందికెళ్లి వస్తది. కల్లం మీద పండుకున్నోళ్లకు తెలుస్తది గని, ఫోన్ల చూసినోళ్లకేం తెలుస్తది?"

ఎండుగడ్డి దుమ్ముకు పాప దగ్గుతుందేమోనని నేను దాన్ని దూరంగా గట్టు మీద నిలబెట్టాను. టెంటు పరిచాక పిలిచాను. పరుగెత్తుకొచ్చి పంపు అందుకుంది. పంపు కొడుతూ ఒక్కో దెబ్బకూ ఎగురుతోంది. గొట్టాలు లేస్తుంటే అత్తమ్మ చుట్టూ తిరిగి ఒక్కోదాన్ని వేలితో నొక్కి చూసింది.

"ఇది డేరానా, బస్సు ట్యూబా?"

"గాలి మీదనే నిలబడ్తదమ్మా" అన్నాడు మా ఆయన.

"గాలి పోతే?"

"పోదు. మంచి కంపెనీది."

"మీ నాయిన గూడ సైకిలు కొన్నప్పుడు గిట్లనే అన్నడు. ఊరు దాటకముందే భుజం మీదేసుకొని వచ్చిండు."

పాప నవ్వి నవ్వి గడ్డి మీద కూలబడింది. అటు చెల్పూరు వైపు కరెంటు ప్లాంటు పొగగొట్టాల మీద ఎర్ర దీపాలు వెలిగాయి. మా వదిన చలిమంట వేస్తానంది. పొగ పడదని నేనంటే, "సరే తల్లీ" అని మంటను తన వాకిట్లోనే వేసుకుని, అక్కడి నుంచి మాకు చెయ్యూపింది. అందరం వాళ్లింట్లోనే జొన్నరొట్టెలూ కోడికూరా తిని, ఎనిమిదింటికల్లా టెంటులోకి వచ్చాం. గట్టు మీద నుంచి ఇల్లు నలభై అడుగులు. ఆ అడుగులు పగలే రెండుసార్లు లెక్కపెట్టి ఉంచుకున్నాను.

ఒక చివర మా ఆయన, ఆ తర్వాత నేను, పాప, అవతల అత్తమ్మ. పాప పడుకోలేదు. టెంటు గోడను వేలితో మీటుతూ, "నానమ్మా, మనం బెలూన్ల ఉన్నం" అంది. ఆమె, "ఎగరకుండ నన్ను బరువు పెట్టిన్రు" అంది. కాసేపటికి ముగ్గురూ నిద్రపోయారు.

నేను పడుకుని పైకి చూశాను. టెంటుకు పైన రెండు, కింద రెండు జాలీ కిటికీలున్నాయి. ఎంత చలైనా వాటిని మూయొద్దని మా ఆయన ముందే చెప్పాడు. కానీ చెయ్యి పెట్టి చూస్తే కత్తిలాంటి గాలి. నా బిడ్డ తల పైనుంచే పోతోంది. మెల్లగా లేచాను. పైన ఒకదాంట్లో తువ్వాలు కుక్కాను, ఇంకోదాంట్లో దిండు గలీబు. కింద ఒకదానికి శాలువా, మిగిలినదానికి నా చున్నీ. కొద్దిసేపటికే లోపల పొదిగే కోడి రెక్కల కింద ఉన్నట్టు వెచ్చబడింది. నా అంత తెలివైన తల్లి ఈ జిల్లాలో లేదనిపించింది. ఏ చలికాలంలోనూ లేనట్టుగా, పాప వీపు మీద చెవి పెట్టకుండానే నిద్రపోయాను.

కోడి కూసే వేళకు నా చెంప మీద ఒక చుక్క పడింది. తర్వాత నుదుటి మీద ఇంకొకటి. టార్చి వేశాను. పైకప్పంతా నీటి బిందువులు. గొట్టాలు మెత్తబడి కప్పు జానెడు కిందికి దిగింది. రగ్గు మీద చెయ్యి పెడితే తడి.

"లే, లే! కారుతుంది! నీ టెంటు కారుతుంది!"

మా ఆయన లేచి ముందు నన్నూ, తర్వాత కప్పునూ చూశాడు. కిటికీలోంచి నా చున్నీ కొస వేలాడుతోంది. "ఇది ఎవలు కుక్కిన్రు?"

"ఇంకెవలు కుక్కుతరు?" అంది అత్తమ్మ లేచి కూర్చుంటూ. ఆమెకు కోపం లేదు, నవ్వొస్తోంది. "బిడ్డా, కల్లం మీద మిర్చికి రాత్రిపూట మంచు పడకుండ పరదా కప్పుతం. గని ఒక కొస ఎత్తి రాయి పెడ్తం. మొత్తం మూసినమనుకో, మిర్చి చెమట పట్టి తెల్లారేసరికి మెత్తగైతది. కాయే అంత చెమట పడ్తే, నలుగురు మనుషులం ఊపిరి తీస్తున్నం. యాడికి పోవాలె అది?"

నేను వినలేదు. పాప కోసం చూస్తున్నాను. నా పక్కన లేదు. అత్తమ్మ రగ్గు కింద ముడుచుకుని ఉంది. రగ్గు తీశాను. నానమ్మ కొంగును రెండు చేతులతో నోటికి అదిమి పట్టుకుని ఉంది. కళ్లు నీళ్లతో మెరుస్తున్నాయి. భుజాలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి. చప్పుడు బయటికి రాలేదు.

"దగ్గలే అమ్మా. నిజంగ, ఒక్కసారి గూడ దగ్గలే."

జబ్బును దూరంగా ఉంచాలని నేను పెట్టిన షరతు అది. నా బిడ్డ దాన్ని చీకట్లో, నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి కాపాడుతోంది. ఎంతసేపటి నుంచో నాకు తెలియదు. నేనేమో పక్కనే హాయిగా నిద్రపోయాను.

స్వెటరు ఎత్తి వీపు మీద చెవి పెట్టాను. పిల్లికూతలు లేవు. ఎడమ వైపు విన్నాను, కుడి వైపు విన్నాను. గొంతులో గరగర తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు మందు పీల్పించి, మళ్లీ విన్నాను. ఊపిరి తేటగా ఉంది. జిప్పు సందులోంచి చూస్తే మా వదిన వాళ్ల వరండా దీపం కనిపిస్తోంది. నలభై అడుగులు. పాప నా ముఖం వైపే చూస్తోంది, తీర్పు కోసం చూసినట్టు.

నేను లేచి నా చున్నీ లాగేశాను. తర్వాత తువ్వాలు, గలీబు, శాలువా. చల్లగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. చల్లగానే ఉంది, కానీ పొడిగా ఉంది. అంతవరకూ నేను పీలుస్తున్న గాలి ఎంత బరువుగా ఉందో అప్పుడు తెలిసింది. ఆ తువ్వాలుతోనే అత్తమ్మ కప్పు తుడిచింది. పాప తడి స్వెటరు మార్చి, సంచిలో మిగిలిన పొడి రగ్గు చుట్టి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను.

"ఇక్కడ్నే ఉందం" అన్నాను. "ఆ మాట తీసేస్తున్న. దగ్గొస్తె దగ్గాలె. ఆపొద్దు."

"ఇప్పుడు దగ్గొచ్చా అమ్మా?"

"దగ్గు బిడ్డా."

దగ్గింది. లోపల దాచుకున్నదంతా ఒక్కసారి బయటికి తీసి, నా ముఖం చూసింది. ఏమీ జరగలేదు. మళ్లీ దగ్గింది, ఈసారి ఉత్తదే. మూడోది పూర్తిగా నాటకం. అత్తమ్మ తనూ ఖళ్లుఖళ్లుమని దగ్గింది. "నాకు గూడ దగ్గొచ్చింది, నన్ను ఇంట్లకు తోలుతరా?" అంది. మా ఆయన దగ్గాడు. చివరికి నాకూ దగ్గక తప్పలేదు. నలుగురం ఆ కుంగిపోయిన టెంటులో కూర్చుని పోటీపడి దగ్గుతుంటే, అవతల ఇంట్లో దీపం వెలిగి మా వదిన గొంతు వినిపించింది.

"ఏమైందే? అందరు పరేషాన్ల ఉన్నరా?"

"వస్తె నువ్వు గూడ దగ్గాలె అత్తా!" అని అరిచింది పాప. అత్తమ్మ జిప్పు సందులోంచే చున్నీ సంగతంతా కూతురికి వినిపించింది.

ఆ తర్వాత దానికి నిద్ర పట్టింది. కప్పు దిగడం చిల్లు వల్ల కాదు. చలికి గొట్టాల్లో గాలి కుంచించుకుపోతుందట. మా ఆయన బయటికి వెళ్లి నాలుగు దెబ్బలు పంపు కొడితే టెంటు మళ్లీ బిగుసుకుని నిలబడింది. నేను పాప వీపు మీద ఒకసారి చెవి పెట్టాను. ఒక్కసారే.

తెల్లవారి జిప్పు తీస్తే పొలమంతా పొగమంచు. వదిన వాళ్ల ఇల్లు కనబడలేదు. పాప నాలుగు అడుగులు వేసి నోరు తెరిచి ఆవిరి వదిలి, "అమ్మా, నా నోట్లకెళ్లి పొగ!" అని గంతులేసింది. రైలింజనులా కూత పెడుతూ గట్టు వెంట పరుగెత్తింది. మఫ్లరు పట్టుకుని నేను వెనకాల పరుగెత్తాను. మంచులోంచి ముందు ఫ్లాస్కు, ఆ తర్వాత మా వదిన బయటికి వచ్చారు.

"రాత్రి లోపల వాన పడ్డదట గద మరదలా! కాలం గాని కాలం, మాకు పడనే లేదు."

"మీకు గూడ కావాల్నంటె నా చున్నీ ఇస్త వదినా" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసింది.

ఎండ వచ్చాక టెంటును పూర్తిగా ఆరబెట్టి గాలి తీశాం. మూతలు విప్పగానే బుస్సుమంటూ గొట్టాలు వాలిపోయాయి. మిగిలిన గాలి బయటికి పోవాలంటే పైన దొర్లాలి. పాప, మా ఆయన, చివరికి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని అత్తమ్మ కూడా ఒక చివర నుంచి ఇంకో చివరకు దొర్లారు. టెంటు లేచిన చోట గడ్డి చిందరవందరై దుమ్ము లేచింది. పాప మధ్యలో ఆగి గట్టిగా దగ్గింది.

అలవాటుగా నేను దాని వైపు చూశాను. అది నా వైపు చూడలేదు. చేతి వెనకతో ముక్కు తుడుచుకుని, "నానమ్మా, జరుగు, నాకు జాగ లేదు" అని మళ్లీ దొర్లింది.