చావు ఫ్లెక్సీలో ఒక్క ముఖమే ఉండాలన్న మా శామ్యూల్ అన్న

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం లేపానో లేదో, టీ కొట్టు మస్తానన్న రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు.

"తెరవబాక పద్మమ్మా. శామ్యూల్ అన్నకి గుండెపోటొచ్చింది. ఇంట్లోనే అయిపోయినాడు."

మొన్న సాయంత్రం నా షాపులో కూర్చుని పకోడీలు తిన్న మనిషి. కారం తక్కువైందని నన్ను తిట్టిన మనిషి.

సగం లేపిన షట్టర్ మళ్ళీ కిందికి దించేశాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. కావలి ట్రంక్ రోడ్డులో నాది లేడీస్ టైలరింగ్. పక్కది శామ్యూల్ అన్న ఫ్లెక్సీ షాపు. మధ్యలో ఒకటే గోడ. నా మిషన్ చప్పుడు ఆయన విన్నాడు, ఆయన ప్రింటర్ చప్పుడు నేను విన్నాను. ఇన్నేళ్ళూ అట్లాగే గడిచిపోయింది.

ఊళ్ళో ఎవరి బర్త్‌డే అయినా, ఎవరికి పదవి వచ్చినా ఫ్లెక్సీ అన్న దగ్గరే. రెండు పార్టీలవాళ్ళూ ఆయన కస్టమర్లే. ఎవరి తలకాయ ఎంత సైజులో ఉండాలనే పంచాయితీ అంతా ఆ చిన్న రూములోనే జరిగేది.

మా వార్డు లీడర్ ఒకాయన ఉన్నాడు. పేరు వద్దులెండి, ఈ పోస్ట్ ఆయనా చదువుతాడు. పార్టీ మారిన రోజు హడావుడిగా వచ్చి, కొత్త ఫోటో దిగే టైమ్ లేదు, పాత ఫోటోలోనే కండువా రంగు మార్చెయ్ అన్నాడు.

అన్న మార్చాడు. మార్చి స్క్రీన్ చూపించాడు.

"కండువా అయితే మార్చినాను. మీ పాత లీడర్ చెయ్యి ఇంకా నీ భుజం మీదే ఉండాదే, దాన్నేం చేసేది?"

చివరికి ఆ చెయ్యి మీద ఒక పెద్ద పూలదండ వేసి కప్పేశాడు. గోడవతల నేను నవ్వలేక చచ్చాను.

రోజూ టీ తాగుతూ ఫేస్‌బుక్‌లో ఊరి గురించి నాలుగు ముక్కలు రాసేవాడు. ఒకటి నాకిప్పటికీ నోటికొచ్చు.

"సెంటర్లో సిగ్నల్ వెలగడం లేదు. దాని స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మాత్రం బ్రహ్మాండంగా మెరుస్తోంది. అది కొట్టింది నేనే, క్షమించండి."

ఇంకోసారి: "నాకు పొద్దున్నే గుడ్ మార్నింగ్ గులాబీలు పంపిన ముగ్గురూ ఇప్పుడే నా షాపు ముందు నుంచి ఫోన్ చూసుకుంటూ పోయినారు. ఒక్కరూ తలెత్తలేదు."

ఎవరినీ నొప్పించేవాడు కాదు. కానీ ఒక్క విషయంలో మాత్రం మొండి.

చావు ఫ్లెక్సీ.

వాళ్ళమ్మ పోయినప్పుడు ఆయన దుఃఖంలో ఉంటే, పార్టీవాళ్ళు వేరే షాపులో ఫ్లెక్సీ కొట్టించి వీధి మొదట్లో కట్టారు. పైన లీడర్లు, కింద చేతులు జోడించిన కార్యకర్తలు. ఆయమ్మ మాత్రం ఒక మూల, తపాలా బిళ్ళంత.

అన్న కూతురు అప్పుడు చిన్నది. దాని ముందు నిలబడి "నానా, అవ్వ యాడుంది?" అని అడిగిందట.

ఈ ఒక్క మాట చెప్పేటప్పుడే అన్న నవ్వడం ఆపేసేవాడు.

అప్పట్నుంచి చావు ఫ్లెక్సీకి ఎవరొచ్చినా ఒకటే మాట. "పోయినోళ్ళ ముఖం ఒక్కటే వేస్తా. ఇంకోరిది వెయ్యను." చాలామంది వేరే షాపుకి పోయారు. పోనీ అనేవాడు.

నిన్న మధ్యాహ్నం అన్న ఇంటికి రెండు పార్టీలవాళ్ళూ వచ్చారు. ప్రేమతోనే వచ్చారు, కాదనను. కానీ ఇద్దరి ఫోన్లలోనూ అన్నకి నివాళి ఫ్లెక్సీ డిజైన్లు రెడీ.

కండువా లీడర్‌ది చూశాను. పైనంతా తలకాయలే. అన్న ఉండాల్సిన చోట ఒక మూల ఖాళీ గుండ్రం. అందులో "ఫోటో పంపండి" అని రాసుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆయనక్కూడా మూలేనా!" అని అందరి ముందూ అరిచేశాను.

గ్రేస్ వదిన, అన్న భార్య, అప్పుడు తలెత్తింది.

"మీ అభిమానం నాకు తెలుసు. ఆయన మాట మీకు తెలుసు. ఆయన ముఖం ఒక్కటే ఎయ్యండి. లేకుంటే ఏమీ ఎయ్యబాకండి."

రెండు పార్టీలవాళ్ళూ ఫోన్లు జేబుల్లో పెట్టేసుకున్నారు.

సరే, ఫోటో ఏది? ఊరందరి ముఖాలూ ఉన్న ఆ కంప్యూటర్లో అన్న ముఖం ఒక్కటి లేదు. ఫేస్‌బుక్ డీపీ చూస్తే టీ గ్లాసు. ఆఖరికి నా ఫోన్లో దొరికింది. నా షాపుకి కొత్త బోర్డు కట్టినరోజు తీసింది. నేను బోర్డు కోసం తీస్తే, ఒక అంచు పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతూ అన్న పడ్డాడు.

వేరే షాపుకి పంపాం. వాళ్ళు అలవాటు కొద్దీ ముఖం తెల్లగా చేసి పంపారు.

వదిన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈయనెవరో నాకు తెలీదు పద్మా. మా ఆయన నలుపు. నాకు ఆ నలుపే కావాలి."

అంతసేపూ బిగబట్టుకున్నవాళ్ళం అందరం ఏడ్చేశాం. కండువా లీడరే ఆ షాపుకి ఫోన్ చేశాడు. "ఆయన్ని ఆయన మాదిరే ఉంచరా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి పక్కకి తిరిగాడు.

ఈ పొద్దున సెంటర్లో కట్టారు. అన్న ఒక్కడే. నల్లగా, నిండుగా, నవ్వుతూ.

కిందే నిలబడి చూస్తున్నాను. నాయుడుపేట బస్సు కోసం ఆగిన ఒక ముసలాయన కూడా తలెత్తి చూశాడు.

"ఎవరమ్మా ఆయన? ఏ పార్టీ?"

"పార్టీ ఏం లేదు పెద్దాయనా. మా అన్న."

ఆయన చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, వచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఇంటి దగ్గర ప్రార్థన ఉంది. తర్వాత సమాధుల తోటకి. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఈ పోస్ట్ కింద దండం బొమ్మ పెట్టి ఊరుకోకండి, రండి.

అన్నా, ఊరందరి ముఖాలూ దిద్దీ దిద్దీ అలిసిపోయావు. ఇక నడుం వాల్చు. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీకు చల్లగా, నెమ్మదిగా ఉండాలి.

పోయిరా అన్నా.