తలుపుకు దిష్టి

దేవరకొండలో మాది రేకుల ఇల్లు. ఎదురుగా మేనత్తది కొత్త స్లాబు ఇల్లు. రెండిళ్ల వాళ్లం పెళ్లికి వెళ్లి పొద్దున తిరిగొచ్చేసరికి మా ఇంటి తాళం వంకరపోయి ఉంది. ఎవడో దొంగ గడ్డపారతో తంటాలు పడి, చేతకాక వెళ్లిపోయాడు. వాడి తప్పేం లేదు, ఆ తాళం మాకే ఓ పట్టాన వచ్చేది కాదు.

అమ్మ బిక్కమొహం వేసింది. నాయిన తల్లి, మా అవ్వ, మాత్రం మురిసిపోతూ ఉప్పూ ఎండు మిరపకాయలూ తెచ్చి తలుపుకు దిష్టి తీసింది.

"ఇన్నేండ్లకు మనింటి మీద ఒకని కన్ను వడ్డది," అంది.

అమ్మతో సహా అందరం పడీ పడీ నవ్వాం. మేనత్త ఒక్కతే నవ్వలేదు. చిన్న గీత కూడా పడని తన తలుపు వంక చూసుకుంటూ, "మా ఇంటికేం తక్కువైందని గీడికొచ్చిండు?" అని గొణిగింది.

అవ్వ కూతురి భుజం తట్టింది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, మల్లొస్తడు. మిరపకాయలు ఇంకున్నయి."