ఎర్రపెట్టెను ఊరడించే అమర్‌సింగ్

జనగామ గోదాములో ఒకనాడు కంప్యూటరు తెర మీద ఎర్రపెట్టె లేచింది. ఈ సెట్టింగు మారిస్తే పాత నిల్వల లెక్క చెరిగిపోతుంది, సరేనా అని అడిగింది. మేనేజరు చదవకుండానే ఓకే నొక్కాడు. సీజను పత్తి లెక్కంతా పోయింది. నేరం మాత్రం పక్కన నిలబడ్డ ఆపరేటరు అమర్‌సింగ్ మీద వేసి, ఆయనను మహబూబాబాద్ గోదాముకు విసిరేశారు. ఆ రోజు నుంచి ఆయనకు ఒక జబ్బు పట్టుకుంది. ఏ హెచ్చరిక వచ్చినా పైకి చదువుతాడు, దానితో మాట్లాడతాడు, దాని బాధేమిటో తేలేదాకా ఓకే నొక్కడు.

నేను అక్కడ బస్తాలు మోసేవాణ్ని. లారీలు ఆగిపోయి ఉండేవి, ఈయన తెరను బుజ్జగిస్తూ ఉండేవాడు.

"అన్నా, జర చీటీ ఇయ్యి. పత్తి ముసలిదైతాంది" అనేవాడు డ్రైవర్ జైసింగ్.

"ఆగు. తూకం యంత్రం మాట ఇనపడ్తలేదంట దీనికి, పాపం."

"చెవుల దూది పెట్టుకున్నదేమో!"

"కాదు. లైను నంబరు తప్పు పడ్డది" అని సరిచేసి, అప్పుడు ఓకే నొక్కి, "మంచిగుండు బిడ్డా" అని తెరను దీవించేవాడు.

"పెండ్లికి సరే అననీకె పెండ్లాన్ని ఎన్నేండ్లు తిప్పించిండో!" అనేది హమాలీ దుర్గమ్మ.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. మేమంతా గేటు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. రోజూ మైకు పట్టుకుని ఉపన్యాసం చెప్పేది నేనే. పనికి రాని కూలీల జాబితా హాజరు కంప్యూటరు నుంచి దానంతటదే తమకు చేరేలా హైదరాబాదు ఆఫీసు ఏర్పాటు చేసింది. పేరు చేరితే పని పోయినట్టే. మగడు పోయిన దుర్గమ్మకు ఆ కూలి తప్ప మరో ఆదరువు లేదు. అప్పటికే ఆమె పొయ్యి ఒక పూటే మండుతోంది.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్లి అరిచింది. "అందరం ఎండకు ఉడుకుతున్నం. నువ్వు ఫ్యాను కింద ఏం చేస్తున్నవ్?"

"గిది ఏడుస్తుంది అక్కా. ఊకుంచుతున్న."

తెర మీద ఎర్రపెట్టె. జాబితా పంపాల్సిన చోటు దొరకడం లేదట. హైదరాబాదు నుంచి పెద్దసారు ఫోను.

"ఏమయ్యా, ఇంకా సరిచేయలేదా?"

"చదువుతున్న సార్."

"నిన్నా అదే చెప్పావు!"

"నిన్న ఇంగ్లీషుల చదివిన సార్. ఇయ్యాల మా లంబాడి భాషల చదువుకుంటున్న. బాధ ఇప్పుడిప్పుడే సమజైతాంది."

ఆయన జబ్బు కంపెనీ అంతటికీ తెలిసిందే కనుక పెద్దసారు తల పట్టుకున్నాడే తప్ప అనుమానించలేదు.

సమ్మె ఆగింది. జాబితా పోలేదు కాబట్టి గేటు దగ్గర మమ్మల్ని ఎవరూ ఆపలేదు. పత్తి లారీలు బారులు తీరడంతో ఎవరిని తీసేయాలన్న ఆలోచనే ఆఫీసు వదిలేసింది. తర్వాత వచ్చిన ఇంజనీరు మాత్రం తెర చూసి, చిరునామా ఉండాల్సిన గడిని కావాలనే ఖాళీ చేశారని తేల్చాడు. చేసింది అమర్‌సింగ్. ఆ సాయంత్రమే ఆయన ఉద్యోగం ఊడింది. ఆయన కోసం ఎవరూ టెంటు వేయలేదు.

చివరిసారి టేకుమట్లలో కలిశాను. రేకుల కింద జిరాక్స్ మిషను పెట్టుకుని, చిక్కుకున్న కాగితాన్ని నొప్పి కలగకుండా లాగుతున్నాడు. పక్కన కూర్చుని అడిగాను.

"మా కోసం నీ అన్నం పోగొట్టుకుంటివి. ఎందుకన్నా?"

ఆయన కాగితం పైకి తీసి, నా వైపు చూసి నవ్వాడు.

"నీ ఉపన్యాసాలు కిటికీలకెల్లి రోజూ ఇంటుంటి తమ్మీ. గంటలు గంటలు చెప్తుంటివి. గవన్నీ ఇనెటోళ్లకు బువ్వన్నా ఉండాలె గద!"