నీళ్లకు పోయిన మనిషి

నా చిన్నప్పుడు మా ఇంట్లో మెల్లగా మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. సూరత్‌లో, నవాగామ్‌లో మేమున్న గల్లీ నిండా తెలంగాణ నుంచి వచ్చిన నేతవాళ్లే. మరమగ్గాలను మావాళ్లు సాంచెలు అనేవారు. పొద్దంతా ఆ చప్పుడులో నిలబడి వచ్చిన మగవాళ్లు ఇంటికొచ్చాక కూడా అరిచినట్టే మాట్లాడేవారు. కార్ఖానాలో అరిచినా వినపడదు కాబట్టి ఒకరి పెదవులు ఒకరు చూసి మాట పట్టుకునేవారు. మా బాపుకు అందులో అందరికంటే ఎక్కువ నేర్పు. అంత నేర్పు ఆయనకెందుకు అవసరమైందో మేమెవరమూ ఆలోచించలేదు. పిలిస్తే పలకకపోతే అమ్మ "పరాకు మనిషి" అని విసుక్కునేది. మేమూ అదే అనుకున్నాం. ఒకే గదిలో పడుకుని లేస్తూ, ఒక మనిషి చెవులు పోతున్నాయని కనిపెట్టలేకపోయాం. పరాకు ఎవరిదో మీరే చెప్పండి.

బాపుకు పాటల పిచ్చి. అందులోనూ ఒక తెలుగు గాయకుడంటే ప్రాణం. ఆయన ఫోటో పేపర్లోంచి కత్తిరించి ట్రాన్సిస్టర్ వెనక అంటించుకున్నాడు. ఒక వేసవిలో ఆ గాయకుడు సూరత్ వస్తున్నాడనీ, డుమస్‌లో సముద్రం దగ్గర ఆరుబయట పాడతాడనీ, టికెట్టు లేదనీ తెలిసింది. ఊళ్లోని తెలుగు పెద్దలెవరో పిలిపించారు. ఆ రోజు సాంచెలకు సెలవు. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పదేళ్ల నన్ను వెంటబెట్టుకుని, మిట్టమధ్యాహ్నమే బస్సెక్కాడు.

ముందు వరసలో చోటు కోసమే ఆ తొందర. టమాట భజియాలు కొనిపెట్టి, నా నెత్తిన తువ్వాలు కప్పి, వేదిక ఎదురుగా ఇసుకలో కూర్చోబెట్టాడు. "గింత ముందల ఎందుకు బాపూ, మైకు ఉంటది గదా" అని సణిగాను. "మొకం కనవడాలె బిడ్డా" అన్నాడు.

చొక్కా జేబులో ఒక చీటీ ఉంది. ఏ పాట కావాలో, అడిగేది ఎవరో రాసి పంపితే గాయకుడు చదివి పాడతాడు. బాపు రాసుకొచ్చింది ఒక జోలపాట. నేను పుట్టిన ఏడాది వచ్చిందట. ఆ పాటతోనే నన్ను నిద్రపుచ్చేవాడట. "ఇదొక్కటి ఇంటె సాలు" అంటూ చీటీ పైకి పంపించాడు. ఆ మాటలో ఎంత ఉందో నాకప్పుడు తెలియలేదు. ప్రతి అక్షరమూ కంఠతా వచ్చిన పాట అది. ఎదురుగా ఆ పెదవులు కదిలితే చాలు, మిగతాది ఆయన లోపలే వినపడేది.

పొద్దు వాలుతుండగా పాటలు మొదలయ్యాయి. నాలుగో పాటకు నాకు అనుమానం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టాక, వాళ్లను చూసి బాపు కొడుతున్నాడు. "ఇదేం పాట బిడ్డా?" అని పాట మధ్యలో కార్ఖానా గొంతుతో అరిచాడు. చెవిలో చెప్తే, "గట్టిగ జెప్పు!" అని ఇంకా పెద్దగా అరిచాడు. వరసంతా మావైపు తిరిగింది. నా పక్కన హజీరా ఫ్యాక్టరీల ఇంజనీర్ల పిల్లలు ఇద్దరు, నా వయసు అమ్మాయిలే, తెల్లటి గౌన్లు వేసుకుని కూర్చున్నారు. వాళ్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఇసుకలో పూడుకుపోవాలనిపించింది.

అప్పుడు గాయకుడు ఒక చీటీ విప్పాడు. తల వంచి, మైకు మూతికి ఆనించి చదివాడు. ఇంటిపేరుతో సహా మా బాపు పేరు. "నవాగామ్ నుంచట. ఎక్కడున్నారండీ? ఒక్కసారి లేచి నిలబడండి, మీ మొహం చూస్తూ పాడతాను."

నాకు స్పష్టంగా వినపడింది. చెబితే బాపు ఎగిరి లేచి, "నేనే! నేనే!" అని ఎలా కేకలు పెడతాడో కూడా కళ్లకు కట్టింది. నేల చూపులు చూశాను. గాయకుడు రెండోసారి పిలిచాడు. "రాసిచ్చి నిద్రపోయినట్టున్నారు" అని ఇంకో చీటీ తీశాడు. జనం గొల్లున నవ్వారు.

"ఏమంటుండు బిడ్డా?"

"ఏం లేదు బాపూ."

అందరూ నవ్వుతున్నారని బాపు కూడా నవ్వాడు. ఆ తర్వాత గాయకుడు కొత్త చీటీ తీసిన ప్రతిసారీ మోకాళ్ల మీద లేచి కూర్చున్నాడు. ఆఖరి పాట అయిపోయి తీగలు చుట్టేస్తున్నా కాసేపు అలాగే ఉన్నాడు.

బస్సు దగ్గర పక్కింటి కాక ఎదురొచ్చాడు. బాపు పక్క సాంచె ఆయనదే. "ఏందన్నా, నీ పేరు రెండుమార్లు పిలిచె గదనే! యాడ సచ్చినవ్?" అన్నాడు. ఆ పెదవులు బాపుకు బాగా అలవాటు. ఒక్క మాట కూడా పోలేదు. తిరిగి నా వైపు చూశాడు.

"నీళ్లు తాగనీకి పోయిన తమ్మీ. పిల్లకు ఎండ కొట్టినట్టయింది, దాన్ని సుత తోల్కపోయిన."

"గంత పాటల పిచ్చోనివి, గప్పుడే నీళ్లు యాదికొచ్చెనా!" అని కాక తొడ కొట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత కార్ఖానాలో బాపుకు 'నీళ్లకు పోయినోడు' అని పేరు పడింది. ఏళ్ల తరబడి ఆ పేరు మోశాడు. నన్ను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.

దాన్ని దయ అంటారు. నేను బాపుతో మనసులో ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను. రెండు దెబ్బలు వేసి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్ని కదా! దండించని తప్పుకు గడువు ఉండదు.

కరోనా రెండో ఏడాది వేసవిలో బాపు ఆస్పత్రి పాలయ్యాడు. అప్పటికి చెవులు పూర్తిగా పోయాయి. పెదవులే ఆధారం. అక్కడేమో ఏ ముఖం చూసినా మాస్కే. మమ్మల్ని లోపలికి రానివ్వరు. మాస్కు వెనక నుంచి ఎంత అరిస్తే ఏం లాభమని గేటు దగ్గర నేను పడని జగడం లేదు. వాళ్ల తప్పూ లేదు, మాస్కు తీస్తే వాళ్ల ప్రాణాల మీదికొస్తుంది. చివరికి ఒక నర్సు, కాగితాల మీద రాసిస్తే చూపిస్తానంది. మెట్ల మీద కూర్చుని తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను, ఆమె కోసం కింద గుజరాతీలోనూ రాశాను. నీళ్లు కావాలా? నొప్పి ఉందా? బోర్లా పడుకో. నీ బిడ్డ కిందనే ఉంది. ఆఖరి కాగితం మీద, "ఆ రోజు నీ పేరు పిలవడం నాకు వినపడింది బాపూ. సిగ్గుపడి చెప్పలేదు" అని రాశాను. దాని కింద గుజరాతీలో ఏం రాయాలో తోచక వదిలేశాను.

నాలుగో రోజు బాపు బట్టలతో పాటు ఆ కాగితాలూ సంచిలో తిరిగొచ్చాయి. అన్నీ నలిగి, మరకలు పడి ఉన్నాయి. ఆఖరిది మాత్రం మడత కూడా విప్పలేదు. గుజరాతీ ముక్క లేని దాన్ని ఎప్పుడు చూపించాలో ఆ నర్సు తల్లికి ఎలా తెలుస్తుంది?

అందుకే ఇప్పుడు చెప్పాల్సిన మాట దాచుకోను. తీపైనా చేదైనా అప్పటికప్పుడు, ఎదుటి మనిషి ముఖంలోకి చూసి చెప్పేస్తాను. నోటి దురుసు మనిషి అంటారు. అననివ్వండి.