గట్టు దిగిన గానుగ రోలు

మొన్న రాజమండ్రి స్టేషనులో రైలుపెట్టె నుంచి పెద్ద ఇనపచక్రాన్ని రెండెద్దుల బండిలోకి దించుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ బండి అంత బరువు మోస్తుందా అని ఒక్కరూ అడగలేదు. మా మేనత్త ఉంటే అడిగేది.

మండపేటలో మా నాన్నగారిది నూనె వ్యాపారం. అత్తయ్య ఆయన చెల్లెలు. కాలవగట్టు దిగుతూ బండి తిరగబడి మావయ్య పోయాక పుట్టింటికి వచ్చేసి, పెరటి గదిలో ఒక్కతే ఉండేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. కానీ మా సరుకు ఏ బండికెక్కాలన్నా ముందు ఆవిడ చూడాల్సిందే. చక్రం పట్టుకుని ఊపేది, వంగి ఇరుసు తడిమేది. ఆవిడ వస్తోందంటే బండివాళ్ళు పెళ్ళిచూపులకన్నట్టు ఎద్దుల్ని తుడిచి నిలబెట్టేవారు.

నేను పురిటికి వచ్చి ఉన్న రోజుల్లో గానుగకి కొత్త రాతిరోలు పడవ మీద వచ్చింది. మా ఇంటి ఎదురుగానే కాలవగట్టు. దాని మీంచి రోలును కిందికి దించాలి. నాన్నగారు అప్పుడే చేయించిన ఎత్తుచక్రాల బండిని, ఊరంతా చూడాలని కాబోలు, కట్టించారు.

“ఇది వద్దన్నయ్యా,” అంది అత్తయ్య.

“ఎద్దులు మంచి బలమైనవండి, అమ్మగారూ,” అన్నాడు బండివాడు.

“లాగడానికి బలముంది, సరే. దిగేటప్పుడు ఆపొద్దూ?”

నాన్నగారు మొహం ముడుచుకున్నారు గానీ, దుంగలు మోసే పొట్టిచక్రాల పాత బండిని తెప్పించారు. కూలీలు వెనక మోకులు బిగబట్టి ఉండగా అది మెల్లగా దిగింది. సగం దూరంలో గట్టు అంచు విరిగి ఒక చక్రం కూరుకుపోయింది. బండి ఒరిగి, అలాగే ఆగింది. రోలు కదలలేదు. బండివాడు కిందికి దూకి ఎద్దుల పగ్గాలు పట్టుకున్నాడు.

అత్తయ్య అతని దగ్గరికి వెళ్ళింది. “ఇంట్లో ఎవరున్నారు?”

“మా ఆడమనిషి ఉందండి.”

“ముందెళ్ళి ఆవిడకి కనపడిరా. బండి సంగతి తర్వాత చూద్దాం.”

ఆ సాయంత్రం, కిందికి చేర్చిన రోలు చుట్టూ అందరూ మూగి పసుపూ కుంకుమా పెడుతుంటే ఆవిడ అటు రాలేదు. నేను వెళ్ళి పెరటి గది గడప మీద కూర్చున్నాను. “మీ మావయ్య బయల్దేరిన పొద్దున నేను గుమ్మంలోనే ఉన్నానే. ఆ బండి వంక నేను చూడనైనా లేదు,” అంది. నేను లేచి ఆవిడ గదిలో దీపం వెలిగించాను.

ఇప్పుడు నేనూ ఒక్కదాన్నే. ఆవేళ అత్తయ్యకి ఏం చెప్పి ఉండాల్సిందో ఈమధ్యే తోస్తోంది. వినాల్సిన మనిషి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది.