నోట్లో వక్క

ఇది ఎవరికీ చెప్పలేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటేనే బెదిరే నేను, సింగపూర్ వెళ్లినప్పుడు ఒక పెద్దావిడను నోట్లో వక్క ఉమ్మేయమన్నాను.

అక్కడ పాసిర్ రిస్ అనే చోట సముద్రం ఒడ్డున, బెంచీ మీద నా పక్కన మేఘాలయలోని షిల్లాంగ్ నుంచి వచ్చిన ఖాసీ తెగ తల్లీకూతుళ్లు కూర్చున్నారు. మనం మంచినీళ్లిచ్చినట్టు వాళ్లు ఎవరికైనా వక్క, తమలపాకు ఇస్తారట. నాకూ ఇచ్చారు. తల్లి ఊళ్లో మూలికల వైద్యురాలు. ఏ వేరు దేనికో హిందీలో చెబుతుండగా ఆమె మాట ముద్దయింది, మూతి ఒక పక్కకు జారింది.

కూతురు నవ్వింది. "అమ్మ ఎప్పుడూ ఇంతే, బుగ్గ నిండా వక్కే."

మా తాతయ్యకూ మాట ఇలాగే ముద్దయింది. "ఒకసారి ఉమ్మేయండి ఆంటీ, రెండు చేతులూ పైకెత్తండి," అన్నాను.

నోరు ఖాళీ అయినా మూతి వంకర తగ్గలేదు. కుడి చెయ్యి లేవలేదు. కూతురు కంగారుగా సంచీలోంచి మూలికల నూనె తీసింది.

"ఇది పక్షవాతం అక్కా, ముందు అంబులెన్స్ పిలవండి," అన్నాను. పెద్దావిడే ఎడమ చేత్తో నూనె సీసాను పక్కకు నెట్టింది.

తర్వాత ఆమెను చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. సమయానికి తెచ్చారని డాక్టర్లు అన్నారట. ఆమె కుడి చేతి వేళ్లు కొద్దిగా కదిలించి చూపించి, మెల్లగా అంది:

"ఊళ్లో మూతి వంకరపోతే అందరూ నా దగ్గరికే వస్తారమ్మా. ఇకనుంచి వాళ్లను ముందు ఆస్పత్రికి బండెక్కిస్తాను, నూనె తర్వాత రాస్తాను."